జపాను ఆక్రమణ కాలపు బర్మా, మలయా నోట్లు ఇంట్లో దొరికితే వాటిని గుర్తించి, చదివి, భద్రపరచడం ఎలా?

ఉత్తరాంధ్రలోనూ గోదావరి తీరంలోనూ రంగం (అంటే బర్మా, నేటి మయన్మార్) వెళ్ళి వచ్చిన కుటుంబాల ట్రంకుపెట్టెల్లో, దస్తావేజుల మడతల మధ్య, పాత గ్రంథాల అట్టల లోపల అప్పుడప్పుడు కొన్ని వింత నోట్లు బయటపడుతుంటాయి. వాటి మీద రాజు బొమ్మ ఉండదు, సంతకం ఉండదు, దేశం పేరు కూడా ఉండదు. పై వరుసలో ఆంగ్లంలో ‘ద జపనీస్ గవర్నమెంట్’ అని మాత్రం ఉంటుంది. ఇవి రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం తాను ఆక్రమించిన దేశాల ప్రజల చేత బలవంతంగా వాడించిన నోట్లు. వీటిని చెల్లని కాగితాలని పారేసినవారూ, లక్షల విలువ చేస్తాయని నమ్మి మోసపోయినవారూ ఉన్నారు. ఈ రెండూ జరగకుండా, దొరికిన నోటు ఏ ప్రాంతానిదో, ఏ సంవత్సరానిదో, మీ ఇంటికి ఎలా చేరి ఉంటుందో మీరే తేల్చుకుని, దాన్ని వచ్చే తరానికి చెక్కుచెదరకుండా అందించడానికి చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదటి పని: నోటును తీయడానికి ముందు అది దొరికిన చోటును నమోదు చేయండి

నోటు కనబడగానే చేతిలోకి తీసుకోవాలనిపించడం సహజం. కాని ముందుగా పెట్టెనూ, అందులో నోటు ఉన్న చోటునూ, దాని చుట్టూ ఉన్న కాగితాలనూ ఉన్నవి ఉన్నట్టుగా ఫోటో తీయండి. ఓడ టిక్కెట్టు, తోట యాజమాన్యం ఇచ్చిన చీటీ, మనియార్డరు రసీదు, ఉత్తరం, బియ్యం రేషను కార్డు వంటిది ఏదైనా నోటుతో కలిసి ఉంటే, ఆ రెండింటినీ ఎప్పటికీ విడదీయకండి. ఈ నోట్లు ఎంత విరివిగా అచ్చయ్యాయంటే, ఒంటరిగా ఉన్న నోటు చెప్పగలిగేది చాలా తక్కువ. పక్కనున్న చీటీయే దాన్ని ఒక మనిషి బతుకుతో కలుపుతుంది.

తరువాత చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. బల్ల మీద శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, నోటును అంచు పట్టుకుని దాని మీద పెట్టండి. మడత బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా విప్పకండి. ఎనభై ఏళ్ళుగా మడిచి ఉన్న కాగితం మడత దగ్గరే ముందుగా చిరుగుతుంది. ఒకటి రెండు రోజులు గదిలోని గాలికి వదిలి, ఆ తరువాత కొద్దికొద్దిగా తెరవండి.

రెండో పని: నోటును జారీ చేసింది ఎవరో చదవండి

పై వరుసలో జపాను ప్రభుత్వం పేరు ఆంగ్లంలో ఉండి, కింద జపాను లిపిలో ఒక వరుస ఉంటే అది ఆక్రమణ నోటే. కిందనున్న ఆ జపాను అక్షరాలకు ‘మహా జపాను సామ్రాజ్య ప్రభుత్వం’ అని అర్థం. రూపాయి, అంతకు పైబడిన నోట్ల మీద ఎర్రని చతురస్రాకారపు ముద్ర ఉంటుంది. అది జపాను ఆర్థిక మంత్రి అధికార ముద్ర. మలయా (నేటి మలేషియా, సింగపూరు ప్రాంతం) డాలరు నోట్ల మీద ‘కోరిన వెంటనే నోటు తెచ్చినవారికి ఇంత మొత్తం చెల్లిస్తామని జపాను ప్రభుత్వం వాగ్దానం చేస్తున్నది’ అనే ఆంగ్ల వాక్యం కూడా ఉంటుంది. ఆ వాక్యాన్ని నిదానంగా చదవండి. ఏ బ్యాంకులో, ఏ ఊళ్ళో, ఏ నాణెంగా చెల్లిస్తారో అందులో ఎక్కడా లేదు. ఆ వాగ్దానం వెనక బంగారం గాని, వెండి గాని, మరో ఆస్తి గాని నిల్వ చేయలేదు. సైనికుడి తుపాకీ ఒక్కటే దానికి పూచీ.

జపాను సైన్యం ఈ నోట్లను దండయాత్రకు ముందే సిద్ధం చేసుకుంది. బర్మాలో రూపాయి నడుస్తున్నది గనుక రూపాయల్లో, మలయాలో డాలరు నడుస్తున్నది గనుక డాలర్లలో అచ్చువేసి, అప్పటి స్థానిక నోటుతో సమానమని ప్రకటించి చలామణిలోకి దించింది. సైన్యం ఆ నోట్లు చెల్లించే బియ్యం, రబ్బరు, తగరం, పశువులు, మనుషుల శ్రమ అన్నీ కొన్నది. కొన్నది అనే మాట ఇక్కడ పేరుకే సరిపోతుంది. నోటును వద్దనే హక్కు అమ్మేవాడికి లేనప్పుడు అది స్వాధీనం చేసుకోవడమే. మీ చేతిలోని నోటును ఆ దృష్టితో, అంటే మీ తాతముత్తాతల దగ్గర తీసుకున్న ధాన్యానికో, చేయించుకున్న చాకిరీకో ఇచ్చి, ఎన్నడూ చెల్లించని రసీదుగా చదవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మూడో పని: అక్షరాన్ని బట్టి ప్రాంతాన్ని తేల్చండి

నోటు మీద దేశం పేరు లేదని చెప్పాను. ప్రాంతాన్ని తెలిపేది ఆంగ్ల అక్షరాల చిన్న గుర్తు. అందులో మొదటి అక్షరం బి అయితే బర్మా, ఎమ్ అయితే మలయా, పి అయితే ఫిలిప్పీన్సు, ఎస్ అయితే నేటి ఇండోనేషియా, ఓ అయితే న్యూగినీ పరిసరాలలోని పసిఫిక్ దీవులు. రెండో అక్షరం గాని, భిన్నం రూపంలో గీత కింద రాసిన అక్షరాలు గాని అచ్చు విడతను తెలుపుతాయి. అక్షరంతో పాటు ద్రవ్యం పేరును కూడా సరిచూసుకోండి. బర్మాకు రూపాయలు, సెంట్లు. మలయాకు డాలర్లు, సెంట్లు. ఫిలిప్పీన్సుకు పెసోలు, సెంటావోలు. ఇండోనేషియాకు మొదట డచ్చి భాషలో గిల్డర్లు, తరువాత స్థానిక భాషలో రుపియాలు. పసిఫిక్ దీవులకు షిల్లింగులు, పౌనులు. బర్మాలో యుద్ధానికి ముందు అణాలు నడిచినా, ఈ నోట్లలో రూపాయిని సెంట్లుగా విభజించారు గనుక, సెంట్ల నోటు చూడగానే మలయాదని అనుకోకుండా అక్షరాన్నే నమ్మండి.

తెలుగు ఇళ్ళలో దొరికేవి సాధారణంగా మొదటి రెండు రకాలే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి రంగూనుకు పొగ ఓడల్లో వెళ్ళిన కూలీలు అక్కడి రేవులోనూ, బియ్యపు మిల్లుల్లోనూ వేల సంఖ్యలో పనిచేశారు. మలయాకు వెళ్ళిన తెలుగువారు పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దతో వంటి చోట్ల కొబ్బరి, రబ్బరు తోటల్లో స్థిరపడ్డారు.

నాలుగో పని: విలువను చూసి కాలాన్ని అంచనా వేయండి

ఈ నోట్ల మీద సంవత్సరం ఉండదు. కాని ఏ విలువ నోటు ఎప్పుడు మొదలైందో తెలుసు గనుక కాలాన్ని చాలావరకు పట్టుకోవచ్చు. బర్మాలో 1942లో 1, 5, 10 సెంట్లు, పావు రూపాయి, అర రూపాయి, 1, 5, 10 రూపాయల నోట్లు వచ్చాయి. 100 రూపాయల నోటు 1944లో వచ్చింది. మలయాలో 1942లో 1, 5, 10, 50 సెంట్లు, 1, 5, 10 డాలర్లు వచ్చాయి. 100 డాలర్ల నోట్లు 1944 నుండి, 1000 డాలర్ల నోటు 1945లో వచ్చాయి. మలయా 10 డాలర్ల నోటు మీద అరటి చెట్టు ఉండడం వల్ల అక్కడివారు ఆ డబ్బు మొత్తాన్నీ అరటి డబ్బు అనే అర్థంలో ‘డువిట్ పిసాంగ్’ అన్నారు. 100 డాలర్ల నోటు రెండు రకాలుగా ఉంది; ఒక దాని మీద రబ్బరు తోటలో పనిచేసే కూలీల బొమ్మ ఉంది. మన తోటపనివారి చేతుల్లోకి ఆ బొమ్మే డబ్బుగా వచ్చిందంటే మనసు కలుక్కుమంటుంది.

విలువలు ఇలా పెరుగుతూ పోవడానికి కారణం తెలుసుకుంటే నోటు సగం అర్థమైనట్టే. సైన్యానికి ఖర్చు పెరిగిన కొద్దీ నోట్లు అచ్చయ్యాయి. కొనడానికి సరుకు మాత్రం తగ్గిపోయింది. బర్మా బియ్యానికి యుద్ధానికి ముందు భారతదేశమూ, సింహళమూ పెద్ద కొనుగోలుదారులు. ఆక్రమణతో ఆ దారి మూసుకుపోయి, ఐరావతీ డెల్టాలో ధాన్యం కొనేవారు లేక మిగిలిపోతుండగా, బయటి నుండి రావలసిన బట్ట, మందులు, నూనె దొరకని వస్తువులయ్యాయి. అంటే అదే దేశంలో ఒక సరుకు పాడైపోతూ, మరో సరుకు అందని ధర పలుకుతూ, మధ్యలో నోట్ల గుట్ట పెరుగుతూ పోయింది. 1943 నుండి ఈ నోట్ల జారీ జపాను నెలకొల్పిన దక్షిణ ప్రాంతాల అభివృద్ధి బ్యాంకు చేతికి మారింది గాని, నోటు మీది మాటా మారలేదు, వెనక పూచీ అసలే చేరలేదు. బ్రిటిషు కాలపు పాత నోట్లను జనం ఖర్చు చేయకుండా దాచుకున్నారు. జపాను నోట్లను చేతికి రాగానే వస్తువులుగా మార్చుకోవడానికి తొందరపడ్డారు. అలా మార్చుకోలేక మిగిలిపోయినవే నేడు మన పెట్టెల్లో కనిపిస్తున్నాయి.

ఐదో పని: కాగితాన్నీ, వరుస సంఖ్యనూ పరిశీలించండి

నోటును కిటికీ దగ్గర పగటి వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కొన్ని నోట్ల కాగితంలో నాలుగు రేకుల్లాంటి పువ్వు గుర్తు వాటర్‌మార్కుగా వరుసలుగా కనిపిస్తుంది. అది జపాను ప్రభుత్వ చిహ్నమైన కిరి పువ్వు. యుద్ధం సాగిన కొద్దీ వాటర్‌మార్కు లేని నాసిరకం కాగితం ఎక్కువైంది. మలయా 1, 5, 10 డాలర్ల నోట్లలో తొలి విడత వాటికి వరుస సంఖ్యలు ఉండగా తరువాతి వాటికి అక్షరాలే మిగిలాయి. వరుస సంఖ్య వేయడం మానేయడమంటే ఎన్ని నోట్లు అచ్చువేశామనే లెక్కను నోటు మీద చూపడం మానేయడమే. కాబట్టి మలయా నోటు మీద వరుస సంఖ్య ఉంటే దాన్ని తప్పక నమోదు చేయండి. అటువంటి నోట్లు తక్కువగా దొరుకుతాయి.

అచ్చును చూడడానికి పది రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు. అసలు నోటులో చుట్టుగీతల అల్లిక తెగకుండా సాగుతుంది. ఈ రోజుల్లో పర్యాటకుల కోసం అచ్చువేసిన నకళ్ళలో బొమ్మంతా చిన్న చిన్న రంగు చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. కాగితం మరీ తెల్లగా మెరుస్తున్నా అనుమానించండి.

ఆరో పని: ఇవే అనిపించే ఇతర నోట్ల నుండి వేరు చేయండి

రంగం కుటుంబాల పెట్టెల్లో నాలుగైదు రకాల నోట్లు కలిసిపోయి ఉంటాయి గనుక, పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

వెనుకవైపు తెలుగు అక్షరాలు కనిపిస్తే అది జపాను నోటు కాదు. బ్రిటిషు ఇండియా నోట్ల వెనుక విలువను తెలుగుతో సహా పలు భాషల్లో రాసేవారు. బర్మా 1937లో భారతదేశం నుండి పరిపాలనలో వేరుపడినా, జపాను ఆక్రమణ వరకూ, ఆ తరువాత 1947 ఏప్రిల్ వరకూ మన రిజర్వు బ్యాంకే దానికి కేంద్ర బ్యాంకుగా పనిచేసింది. 1945లో బ్రిటిషు సైన్యం తిరిగి వచ్చినప్పుడు, ఆరో జార్జి బొమ్మ ఉన్న భారతీయ నోట్ల మీదే ‘బర్మా సైనిక పరిపాలన, బర్మాలో మాత్రమే చెల్లును’ అనే అర్థం వచ్చే ఆంగ్ల మాటలను ఎర్ర సిరాతో అదనంగా అచ్చువేసి చలామణి చేసింది. ఇదీ యుద్ధకాలపు సైనిక ద్రవ్యమే. కాని దాని వెనక రిజర్వు బ్యాంకు ఉంది గనుక అది నిలబడింది. 1947లో అటువంటి నోట్ల మీద బర్మా కరెన్సీ బోర్డు పేరు అచ్చయింది. ఒకే కుటుంబం దగ్గర జపాను నోటూ, ఎర్ర అచ్చు నోటూ రెండూ దొరికితే, ఆ కుటుంబం 1945 మార్పును రంగంలోనే ఉండి చూసిందని చెప్పడానికి బలమైన ఆధారం దొరికినట్టే.

నెమలి బొమ్మతో, బర్మా లిపితో, క్యాట్లలో (బర్మా ద్రవ్యం) విలువ ఉన్న 1944 నాటి నోట్లు మరో రకం. 1943 ఆగస్టు 1న జపాను పేరుకు స్వాతంత్ర్యం ప్రకటించిన తరువాత, బా మా నాయకత్వంలోని ప్రభుత్వపు బ్యాంకు జారీ చేసినవి ఇవి. ఇక 1964లో బర్మా నుండి తిరిగి వచ్చినవారి దగ్గర 50, 100 క్యాట్ల నోట్లు ఉండవచ్చు. బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం ఆ ఏడాది మే నెలలో వాటిని రద్దు చేసింది. వాటి కష్టం వేరు, కాలం వేరు. కవరు కూడా వేరుగా పెట్టండి.

ఆజాద్ హింద్ బ్యాంకు పేరుతో కనిపించే నోట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ బ్యాంకును 1944 ఏప్రిల్‌లో రంగూనులో స్థాపించిన మాట నిజమే. కాని ఆ పేరుతో ఇప్పుడు అమ్మకానికి వచ్చే ప్రతి కాగితాన్నీ నమ్మకూడదు. సుభాష్ చంద్రబోస్ మీది గౌరవాన్ని ఆసరాగా చేసుకుని అమ్మేవారు ఉంటారు గనుక, తెలిసిన నిపుణుడి పరిశీలన లేకుండా అటువంటి దానికి డబ్బు పెట్టకండి.

అసలు జపాను నోటు మీదే తరువాత ఎవరో ఏవో మాటలు అచ్చువేసినవీ ఉన్నాయి. ఫిలిప్పీన్సు నోట్ల వెనుక అమెరికన్లు ‘సహ సంపద మండలం: దీని విలువ ఎంత?’ అనే అర్థం వచ్చే ఆంగ్ల ప్రశ్నను అచ్చువేసి, ఆకాశం నుండి జారవిడిచారు. జపాను తన ఆక్రమణకు పెట్టుకున్న అందమైన పేరును ఆ ప్రశ్న సూటిగా నిలదీసింది. అదే దేశపు నోట్ల మీద ‘జాప్‌వాన్‌కాప్’ అనే ముద్ర ఉంటే, అది నోట్లకు పరిహారం కోరుతూ 1953లో ఏర్పడిన ఫిలిప్పీన్సు హక్కుదారుల సంఘం వేసినది. ఇవి కాక కేవలం ధర పెంచడానికి తరువాతి కాలంలో కల్పించిన ముద్రలు కూడా తిరుగుతుంటాయి. ముద్ర సిరా నోటు మడతల్లోకీ చిరుగుల్లోకీ ఇంకి ఉంటే, నోటు పాతబడిన తరువాతే ఆ ముద్ర పడిందని గ్రహించవచ్చు.

ఏడో పని: నోటు మీ ఇంటికి ఎలా చేరిందో తేల్చండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కుటుంబాల్లో ‘మా తాతయ్య 1942లో రంగం నుండి నడిచి వచ్చేటప్పుడు తెచ్చిన నోటు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. తేదీలతో పోల్చి చూడండి. రంగూను మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి. నగరం 1942 మార్చి 8న జపాను చేతికి చిక్కింది. అరకాను కొండల మీదుగా చిట్టగాంగు వైపూ, తము అనే సరిహద్దు ఊరి మీదుగా మణిపూరు వైపూ లక్షలాదిమంది నడిచి వచ్చింది ఆ ఏడాది మొదటి అర్ధభాగంలోనే. ఆ నడకలో వచ్చినవారు జపాను సైన్యానికి ముందుగా పారిపోయి వస్తున్నవారు గనుక, వారి మూటల్లో బ్రిటిషు నోట్లు ఉండడం సహజం గాని, జపాను నోట్లు ఉండడం అరుదు. 1944లో మాత్రమే మొదలైన 100 రూపాయల నోటు అయితే 1942 నడకలో వచ్చే అవకాశమే లేదు.

అప్పుడు మిగిలిన దారులు కొన్ని. కుటుంబంలో ఒకరు, బహుశా తోబుట్టువో మేనమామో, వెనక్కి రాకుండా ఆక్రమణ కాలమంతా అక్కడే ఉండి, 1945 తరువాత వచ్చి ఉండవచ్చు. లేదా ఇంటివారిలో ఎవరైనా భారత సైన్యంలో పనిచేసి, బర్మాను తిరిగి పట్టుకున్నప్పుడు వీధుల్లో చెల్లక పడి ఉన్న నోట్లను గుర్తుగా తెచ్చి ఉండవచ్చు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవారూ ఉండవచ్చు. లేదా తరువాత ఎప్పుడో సరదాగా కొని ఉండవచ్చు. ఇంట్లో చెప్పుకునే కథకూ నోటుకూ పొంతన కుదరకపోతే కథ అబద్ధమని తోసివేయకండి. చాలాసార్లు ఇద్దరు మనుషుల ప్రయాణాలు జ్ఞాపకంలో ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. ఆ రెండో మనిషి ఎవరో వెతకడానికి నోటు మీకు దారి చూపుతుంది.

నోటుతో పాటు మలయా నాటి చీటీ దొరికి, దాని మీద సంవత్సరం 2602 అనో 2604 అనో ఉంటే కంగారు పడకండి. అది జపాను సామ్రాజ్య శకం. అందులో నుండి 660 తీసివేస్తే 1942, 1944 వస్తాయి. జపాను సైన్యం వేయించిన సయాం (నేటి థాయిలాండ్)–బర్మా రైలు మార్గం పనికి మలయా తోటల నుండి తమిళులతో పాటు తెలుగువారినీ తరలించారు. 415 కిలోమీటర్ల ఆ మార్గం 1943 అక్టోబరులో పూర్తయ్యేలోగా వేలాది కూలీలు కలరాతో, ఆకలితో, దెబ్బలతో మరణించారు. ఆ పనికి వెళ్ళినవారి పేర్లు చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు. అందుకే ఆ కాలపు చీటీ మీద పేరు, తోట పేరు, డివిజను సంఖ్య ఏది కనిపించినా అక్షరం తప్పకుండా ఎత్తి రాసుకోండి.

ఎనిమిదో పని: పెద్దలను అడిగి రాసుకోండి

నోటును బల్ల మీద పెట్టి, పెద్దవారి ఎదురుగా కూర్చుని, ఫోనులో రికార్డు చేస్తూ అడగండి. ‘యుద్ధంలో ఏం జరిగింది మామ్మా?’ అని అడిగితే జవాబు రెండు మాటల్లో ముగిసిపోతుంది. ఈ నోటుకు ఏం కొనేవారని మీ అమ్మ చెప్పేది, కూలి ఈ నోట్లలో ఇచ్చేవారా, బియ్యంగా ఇచ్చేవారా, చీర ఎక్కడ దొరికేది, ఇంగ్లీషు నోట్లను ఎక్కడ దాచారు, ఈ డబ్బు చెల్లదని ఎవరు వచ్చి చెప్పారు అని చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. బ్రిటిషు సైన్యం 1945 మే నెల మొదట్లో రంగూనునూ, సెప్టెంబరులో సింగపూరునూ తిరిగి తీసుకున్నది. ఆ వెంటనే జపాను నోట్లు చెల్లవని అధికారులు ప్రకటించారు. మూడున్నరేళ్ళ కూలి డబ్బు దాచుకున్నవారికి అది ఒక్క రోజులో కాగితమైంది. ఆ రోజు గురించి ప్రత్యేకంగా అడగండి. చెప్పేవారు ఆ కాలంలో పసిపిల్లలై ఉంటే, తాము చూసిందేదో, విన్నదేదో వేరుగా గుర్తించి రాయండి. వారు బాధపడుతుంటే ఆపేసి మరో రోజు కూర్చోండి.

తొమ్మిదో పని: ప్రతి తీసి, సరైన కవరులో పెట్టండి

నోటు రెండు వైపులా 600 డీపీఐలో రంగుల స్కాను తీయండి. పక్కన ఒక స్కేలు పెడితే కొలత కూడా నిలుస్తుంది. దస్త్రానికి పెట్టే పేరులో ప్రాంతం, విలువ, అక్షరాలు, కుటుంబం పేరు ఉండాలి. పెద్దల మాటల రికార్డును కూడా అదే ఫోల్డరులో పెట్టి, కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచండి.

అసలు నోటును లామినేషను చేయించకండి; ఆ వేడి, ఆ జిగురు తిరిగి తీయలేనివి. సెల్లోటేపు అంటించకండి, నీళ్ళతో కడగకండి, ఇస్త్రీ చేయకండి, నోటు మీద పెన్నుతో గాని పెన్సిలుతో గాని ఏమీ రాయకండి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ ఆల్బములు కొన్నేళ్ళకు జిగటగా మారి నోటును పట్టుకుంటాయి గనుక, మైలార్ అనే పాలియెస్టర్ కవరు గాని, ఆమ్లం లేని కాగితపు కవరు గాని వాడండి. తుప్పు పట్టే గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి. కాకినాడ, విశాఖ వంటి సముద్ర తీర పట్టణాల్లో తేమే పెద్ద శత్రువు. కవర్లను గోడకు ఆనని బీరువా అరలో, సిలికా జెల్ పొట్లాలు పెట్టిన డబ్బాలో ఉంచి, వానాకాలం ముందూ తరువాతా తెరిచి చూడండి. నాఫ్తలీను ఉండలు గాని, వేపాకు గాని నోటుకు నేరుగా తగలకూడదు. అద్దాల ఫ్రేములో గోడకు తగిలించాలనే కోరిక ఉంటే స్కాను ప్రతిని తగిలించండి. ఎండకు ఈ సిరాలు వెలిసిపోతాయి.

పదో పని: డబ్బు విషయంలో మోసపోకుండా ఉండండి

ఈ నోట్లను ఏ ప్రభుత్వమూ, ఏ బ్యాంకూ మార్చి ఇవ్వదు. భారతదేశం 1952 జూన్ 9న జపానుతో వేరుగా శాంతి ఒప్పందం చేసుకుని నష్టపరిహారపు హక్కులను వదులుకుంది. బర్మా 1954 ఒప్పందంలో 20 కోట్ల డాలర్ల పరిహారం పొందినా అది ప్రభుత్వానికి వస్తువులుగా, సేవలుగా అందింది గాని, నోట్లు పట్టుకున్నవారికి కాదు. హాంకాంగులో ఇదే తరహా జపాను సైనిక యెన్‌లను దాచుకున్నవారు టోక్యో న్యాయస్థానానికి వెళ్ళగా 1999లో వారి దావాను కొట్టివేశారు. అందువల్ల ‘జపాను ప్రభుత్వం ఇప్పుడు చెల్లిస్తోంది, ముందుగా నమోదు రుసుము కట్టండి’ అని ఎవరు చెప్పినా అది మోసమే. నోటు, ఆధారు కాపీ, బ్యాంకు వివరాలు ఏవీ వారికి ఇవ్వకండి.

సేకరణదారుల దగ్గర సాధారణ బర్మా, మలయా నోట్లకు పెద్ద ధర రాదు, ఎందుకంటే అవి లెక్కకు మించి మిగిలి ఉన్నాయి. వరుస సంఖ్య ఉన్న తొలి విడత మలయా నోట్లకు కాస్త ఎక్కువ పలుకుతుంది. అమ్మాలా వద్దా అనేది మీ ఇష్టం. కాని అమ్మేముందు స్కానూ, కథనమూ పూర్తి చేయండి. పక్కనున్న చీటీలను, ఉత్తరాలను మాత్రం ఏ ధరకూ అమ్మవద్దని నా మనవి. విదేశాలకు పంపదలిస్తే, చారిత్రక విలువ గల 75 ఏళ్ళు దాటిన పత్రాలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి రావచ్చు గనుక, ముందుగా పురావస్తు శాఖ అధికారులను లిఖితంగా అడగండి.

మ్యూజియానికో విశ్వవిద్యాలయ చరిత్ర విభాగానికో ఇవ్వదలిస్తే, నోటును, చీటీలను, మీరు రాసిన కథనాన్ని కలిపి ఒకే కట్టగా ఇవ్వండి. ఇచ్చిన ప్రతి వస్తువు పేరుతో రసీదు తీసుకోండి. వాటిని విడదీయబోమనీ, కుటుంబం అడిగినప్పుడు చూపిస్తామనీ అందులో రాయించుకోండి. ఆ రసీదు నకలును స్కాను ప్రతులున్న ఫోల్డరులోనే దాచి, అది ఎక్కడున్నదో ఇంట్లోని పిల్లల్లో కనీసం ఇద్దరికి చెప్పి ఉంచండి.